లోగో వెలిగిందా? అయితే ప్యానెల్ బతికే ఉంది

నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ ల్యాప్‌టాప్ రిపేర్ షాపు దగ్గర పొద్దున పూట కాసేపు నిలబడితే ఈ మాట చెవిన పడుతుంది: "రాత్రి బాగానే ఉండిందన్నా. ఏదో అప్‌డేట్ పడింది. పొద్దున తీస్తే అంతా నల్లగా ఉండాది. స్క్రీన్ పోయినట్టుంది." చెప్పే మనిషి చేతిలో సంచి, అందులో ల్యాప్‌టాప్, చార్జర్. వచ్చింది ఇందుకూరుపేట నుంచో పొదలకూరు నుంచో, ఒంగోలు వైపైతే కొండపి నుంచో టంగుటూరు నుంచో. అప్పటికే ఒక పూట పని పోయింది. మరుసటి రోజు ఆన్‌లైన్ ఇంటర్వ్యూ ఉన్న కుర్రాడైతే ఆ టెన్షన్ ముఖంలోనే కనిపిస్తుంది.

ఆ మాటల్లో "అప్‌డేట్ పడింది" అన్న ముక్కకు ఎంతో విలువ ఉంది. "స్క్రీన్ పోయింది" అన్న ముక్కను మాత్రం వెంటనే నమ్మకూడదు. నిన్నటిదాకా బాగున్న ప్యానెల్, అంటే బొమ్మ కనిపించే తెర పలక, సరిగ్గా అప్‌డేట్ పడిన రాత్రే చెడిపోవడం అసాధ్యమేమీ కాదు గానీ అరుదు. ఎక్కువగా జరిగేది ఏమిటంటే, ప్యానెల్ బాగానే ఉంటుంది, బొమ్మ తయారుచేసే గ్రాఫిక్స్ చిప్ కూడా బాగానే ఉంటుంది, ఆ రెండింటి మధ్య పని నడిపించే డ్రైవర్ తడబడుతుంది. డ్రైవర్ అంటే వట్టి సాఫ్ట్‌వేర్. దాన్ని వెనక్కి తీసుకోవచ్చు, తీసేయొచ్చు, మళ్ళీ వేసుకోవచ్చు.

ఈ తేడా తెలుసుకోవడానికి స్క్రూడ్రైవర్ అక్కర్లేదు, డబ్బూ అక్కర్లేదు. ఇంట్లోనే అరగంటలో తేలిపోతుంది. తేల్చుకోకుండా షాపుకు వెళితే రెండు రకాలుగా నష్టపోవచ్చు. ఒకటి, అవసరం లేని ప్యానెల్‌కు వేలకు వేలు పోయడం. రెండోది ఇంకా బాధాకరం. "ఫార్మాట్ కొడితే సరిపోద్ది" అన్న మాటకు తల ఊపి, బ్యాకప్ లేని లెక్కలు, ఫొటోలు, ప్రాజెక్టు ఫైళ్లు పోగొట్టుకోవడం. డ్రైవర్ చెడితే ఫార్మాట్ కొట్టడం ఏ రకంగానూ మొదటి మందు కాదు.

లోగో చెప్పే సంగతి

చీమకుర్తిలో ఒక గ్రానైట్ యూనిట్ ఆఫీసు అనుకుందాం. నెలలో 20వ తేదీ దగ్గర పడింది, జీఎస్టీ రిటర్న్ వేయాలి. బల్ల మీద నాలుగేళ్ల నాటి ల్యాప్‌టాప్, దాని మీద సన్నగా రాతి దుమ్ము. పవర్ బటన్ నొక్కితే రెండు మూడు సెకన్లకు తయారీ కంపెనీ లోగో వెలిగింది. దాని కింద తెల్ల చుక్కలు గుండ్రంగా తిరిగాయి. తర్వాత తెర నల్లబడింది. ఫ్యాన్ మాత్రం తిరుగుతోంది. క్యాప్స్ లాక్ కీ నొక్కితే దాని లైటు వెలిగి ఆరుతోంది.

ఆ పది సెకన్లలోనే సగం సంగతి తెలిసిపోయింది. లోగోను తెర మీదకు తెచ్చేది మదర్‌బోర్డు మీద చిన్న చిప్‌లో ఉండే బయోస్ అనే సాఫ్ట్‌వేర్, విండోస్ కన్నా ముందు లేచేది ఇదే. ఆ సమయానికి విండోస్ గ్రాఫిక్స్ డ్రైవర్ ఇంకా లోడే కాలేదు. కాబట్టి లోగో స్పష్టంగా కనిపించిందంటే ప్యానెల్, దాని కేబుల్, వెనక వెలుగునిచ్చే బ్యాక్‌లైట్, ఈ మూడూ పనిచేశాయన్నమాట. చుక్కలు తిరిగేటప్పుడు కూడా అసలు డ్రైవర్ ఇంకా పూర్తిగా బరువు మోయడం లేదు. తెర నల్లబడిన ఆ క్షణం, డ్రైవర్ పగ్గాలు అందుకున్న క్షణం, రెండూ ఒకటే. క్యాప్స్ లాక్ లైటు మాట వింటోందంటే లోపల విండోస్ నడుస్తూనే ఉంది, బొమ్మ మాత్రమే బయటికి రావడం లేదు.

లోగో కూడా రాకపోతే, లేదా లోగో మీదే గీతలు పడితే కథ వేరు. అక్కడ డ్రైవర్‌ను తప్పు పట్టి లాభం లేదు. ర్యామ్, కేబుల్, ప్యానెల్, మదర్‌బోర్డు వైపు చూడాల్సిందే.

డ్రైవర్‌కు ఇంత శక్తి ఎక్కడిది

డెస్క్‌టాప్ కంప్యూటర్‌కు మానిటర్ వేరుగా ఉంటుంది. దాని పవర్, దాని వెలుతురు అదే చూసుకుంటుంది. ల్యాప్‌టాప్ ప్యానెల్‌కు ఆ స్వతంత్రం లేదు. దానికి ఎప్పుడు కరెంటు ఇవ్వాలి, ఎన్ని మిల్లీసెకన్ల తర్వాత బొమ్మ సిగ్నల్ పంపాలి, ఆ తర్వాత ఎంతసేపటికి బ్యాక్‌లైట్ వెలిగించాలి, ఆపేటప్పుడు ఏ వరుసలో ఆపాలి, ఇవన్నీ గ్రాఫిక్స్ చిప్ ద్వారా డ్రైవరే నడిపిస్తుంది. ప్యానెల్ తన వంతుగా ఈడీఐడీ అనే, కనీసం 128 బైట్ల చిన్న చీటీ అందిస్తుంది. నా రిజల్యూషన్ ఇంత, నా రిఫ్రెష్ రేటు ఇంత అని అందులో ఉంటుంది. డ్రైవర్ ఆ చీటీని సరిగా చదవలేకపోతే తెర సగానికి కుదించుకుపోవచ్చు, అక్షరాలు సాగిపోవచ్చు, ఏమీ రాకపోనూవచ్చు.

ఇది ఎంత నాజూకైన వ్యవహారమో 2022లో విండోస్‌కు బదులు లినక్స్ వాడేవాళ్లకు బాగా తెలిసొచ్చింది. ఆ ఏడాది సెప్టెంబర్ చివర్లో వచ్చిన లినక్స్ కెర్నల్ (లినక్స్‌కు గుండెకాయ లాంటి భాగం) 5.19.12 వేసుకున్న కొన్ని ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో తెర తెల్లగా మెరుస్తూ ఆరుతూ కొట్టుకుంది. కారణం వెతికితే, ప్యానెల్‌కు పవర్ ఇచ్చే వరుసలో ఉండాల్సిన వ్యవధుల్ని ఇంటెల్ డ్రైవర్ తప్పుగా తీసుకుంటోందని తేలింది. అలాగే వాడితే ప్యానెల్‌కు హాని జరగవచ్చని ఇంటెల్ ఇంజనీరే హెచ్చరించారు. అక్టోబర్ మొదటి వారంలోనే 5.19.13 విడుదల చేసి ఆ మార్పును వెనక్కి తీసుకున్నారు. సాఫ్ట్‌వేర్ పొరపాటు వల్ల నిజంగా గ్లాసుకు దెబ్బ తగలగల సందర్భాలు చాలా తక్కువ. అయినా తెర అలా కొట్టుకుంటుంటే "చూద్దాంలే" అని గంటల తరబడి నడపకూడదని చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

విండోస్‌లో ఇంకో సంగతి ఉంది. 2007లో వచ్చిన విండోస్ విస్టా నుంచి గ్రాఫిక్స్ డ్రైవర్ మీద ఒక కాపలా పెట్టారు. చిప్ 2 సెకన్ల పాటు పలకకపోతే విండోస్ దాన్ని రీసెట్ చేసి మళ్ళీ లేపుతుంది. తెర ఒక్కసారి నల్లబడి తిరిగి వచ్చి, డిస్‌ప్లే డ్రైవర్ ఆగిపోయి కోలుకుంది అన్న మెసేజ్ వచ్చేది ఇందుకే. కోలుకోలేకపోతే నీలి తెర వస్తుంది, దాని మీద "వీడియో టీడీఆర్ ఫెయిల్యూర్" అని ఉంటుంది. అప్‌డేట్ తర్వాత ఇది మొదలైతే అనుమానం డ్రైవర్ మీదే. కానీ మన దగ్గర రోహిణి కార్తెలో, ఫ్యాన్ జాలీ దుమ్ముతో పూడుకుపోయిన ల్యాప్‌టాప్‌ను మంచం మీద పెట్టి వాడితే, వేడికి చిప్ ఉక్కిరిబిక్కిరై అదే మెసేజ్ రావచ్చు. అప్‌డేట్ పడిన తేదీ, తంటా మొదలైన తేదీ పక్కపక్కన పెట్టి చూసుకోకుండా డ్రైవర్‌ను నిందించకూడదు.

ఆ తేదీలు చూడటం తేలికే. విండోస్ సెట్టింగ్స్‌లో అప్‌డేట్ హిస్టరీ తెరిస్తే డ్రైవర్ అప్‌డేట్స్ అని వేరే పట్టీ ఉంటుంది. "రిలయబిలిటీ" అని వెతికితే వచ్చే రిలయబిలిటీ మానిటర్‌లో ఏ రోజు ఏది ఇన్‌స్టాల్ అయింది, ఏ రోజు ఏది కూలింది క్యాలెండర్‌లా కనిపిస్తుంది. షాపువాళ్లు కూడా దీన్ని తెరవడం అలవాటు చేసుకుంటే ఎంతో బాగుంటుంది.

ఒకే ల్యాప్‌టాప్‌కు మూడు చోట్ల నుంచి డ్రైవర్లు

ఇంజనీరింగ్ పిల్లలు కొనే ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి రెండు గ్రాఫిక్స్ చిప్‌లు ఉంటాయి. ప్రాసెసర్‌లోనే కలిసి ఉండే ఇంటెల్ లేదా ఏఎమ్‌డీ చిప్ ఒకటి, గేములకు, డిజైన్ పనికి వేరుగా ఉండే ఎన్‌విడియా లాంటిది మరొకటి. ఎన్‌విడియా 2010లో ఆప్టిమస్ పేరుతో తెచ్చిన పద్ధతిలో ల్యాప్‌టాప్ తెర తీగ సాధారణంగా ప్రాసెసర్‌లోని చిప్‌కే వెళుతుంది. పెద్ద చిప్ బొమ్మ తయారుచేసి చిన్న చిప్‌కు అందిస్తే, తెర మీదకు పంపేది చిన్నదే. ఈ ముక్క తెలియక చాలామంది ఎన్‌విడియా డ్రైవర్‌ను తీసి వేసి, తీసి వేసి అలసిపోతారు. తెర నల్లబడిందంటే అలాంటి ల్యాప్‌టాప్‌లో ముందు చూడాల్సింది ఇంటెల్ లేదా ఏఎమ్‌డీ డ్రైవర్‌ను. కొన్ని గేమింగ్ మోడళ్లలో మక్స్ స్విచ్ అనే ఏర్పాటు ఉంటుంది, దాంతో తెరను నేరుగా పెద్ద చిప్‌కు కలపొచ్చు. అప్‌డేట్ తర్వాత ఆ ఏర్పాటు గందరగోళంలో పడితే బయోస్‌లోకి వెళ్లి దాన్ని మళ్ళీ హైబ్రిడ్‌కు, అంటే రెండు చిప్‌లూ కలిసి పనిచేసే పద్ధతికి, మార్చి చూడాలి.

ఇక డ్రైవర్ పంపేవాళ్ల సంగతి. ల్యాప్‌టాప్ తయారుచేసిన కంపెనీ తన మోడల్‌కు సరిపోయేలా పరీక్షించి ఒక డ్రైవర్ ఇస్తుంది. చిప్ తయారుచేసిన కంపెనీ లోకంలో ఉన్న మోడళ్లన్నిటినీ దృష్టిలో పెట్టుకుని ఇంకోటి ఇస్తుంది. మూడోది విండోస్ అప్‌డేట్ తనంతట తాను తెచ్చేది. 2020కి ముందు ఇంటెల్ సొంత డ్రైవర్‌ను చాలా ల్యాప్‌టాప్‌లు ఒప్పుకునేవి కావు, ఈ కంప్యూటర్‌కు ఇది సరిచూసినది కాదని ఆపేసేవి. ఆ ఏడాది ఇంటెల్ ఆ తాళం తీసేసింది. కొత్త డ్రైవర్ త్వరగా అందడం మంచిదే. కానీ ల్యాప్‌టాప్ కంపెనీ తన ప్యానెల్ కోసం చేసుకున్న సర్దుబాట్లు అందులో ఉండకపోవచ్చు. వెలుతురు తగ్గించే పెంచే కీలు పనిచేయకపోవడం, నిద్ర నుంచి లేచాక తెర రాకపోవడం లాంటివి ఎక్కువగా ఇక్కడే పుడతాయి.

విండోస్ అప్‌డేట్ తీరు ఇంకోలా ఉంటుంది. అది డ్రైవర్‌ను ఎంచుకునేటప్పుడు ఏది కొత్తదన్న ఒక్క విషయమే చూడదు. ఈ మోడల్ హార్డ్‌వేర్ గుర్తుకు ఏది దగ్గరగా సరిపోతుందో దానికే పెద్దపీట వేస్తుంది. అందుకే మనం కష్టపడి వేసుకున్న కొత్త డ్రైవర్ మీద, రెండు రోజులకు పాతది వచ్చి కూర్చుంటుంది. రిపేర్ చేయించాక "మళ్ళీ అదే కంప్లైంట్" అని షాపుకు తిరిగి వచ్చేవాళ్లలో కొందరి కథ ఇదే. షాపువాడు మోసం చేశాడని అనుకోవడానికి ముందు ఆ డ్రైవర్ నంబర్ చూడాలి.

నంబర్ చూడటమూ ఒక చిన్న విద్యే. డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్ కింద చిప్ పేరు మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో డ్రైవర్ ట్యాబ్ తెరిస్తే 32.0.15.7602 లాంటిది కనిపిస్తుంది. ఎన్‌విడియా అయితే చివరి 5 అంకెలు పట్టుకోవాలి: 57602. అంటే ఎన్‌విడియా సైట్‌లో 576.02 అని రాసి ఉండే డ్రైవర్. మొదట ఉన్న 32, విండోస్ డిస్‌ప్లే డ్రైవర్ మోడల్ 3.2 అని చెబుతుంది. ఈ 576.02 గుర్తుంచుకోదగ్గదే. 2025 మొదట్లో వచ్చిన 572 వరుస డ్రైవర్లతో నల్ల తెర వస్తోందని ఎంతోమంది మొత్తుకున్నాక, ఆ ఏప్రిల్‌లో చాలా సవరణలతో వచ్చింది ఇదే. 2016 మార్చిలో అదే కంపెనీ 364.47 వల్ల కంప్యూటర్లు బూట్ కాక, వెంటనే 364.51 ఇవ్వాల్సి వచ్చింది. పెద్ద కంపెనీ, డిజిటల్ సంతకం ఉన్న డ్రైవర్ కాబట్టి తప్పు ఉండదన్న ధీమా పనికిరాదు.

బస్సెక్కే ముందు చేయాల్సిన పరీక్షలు

లోగో పరీక్ష అయ్యాక చేయాల్సింది బయోస్‌లోకి వెళ్లడం. ఆన్ చేస్తూనే ఎఫ్2, ఎఫ్10 లేదా డిలీట్ కీని, కంపెనీని బట్టి, టకటకా నొక్కాలి. ఆ నీలి లేదా నల్ల మెనూలో పది నిమిషాలు వదిలేయాలి. అక్కడ తెర కదలకుండా, మినుకుమనకుండా నిలబడితే ప్యానెల్ మీద ఉన్న అనుమానం చాలావరకు తీరినట్టే. అక్కడా గీతలు వస్తే ఇక సాఫ్ట్‌వేర్ పనులన్నీ పక్కన పెట్టేయొచ్చు.

తెర పూర్తిగా నల్లగా ఉంటే గదిలో లైటు ఆర్పి, ఫోన్ టార్చిని తెరకు దగ్గరగా, ఏటవాలుగా పట్టి చూడాలి. లీలగా ఐకాన్లో, పాస్‌వర్డ్ గడో కనబడితే బొమ్మ వస్తోంది, వెనక వెలుతురే లేదు. అలాంటప్పుడు ముందు బ్రైట్‌నెస్ కీలు నొక్కి చూడాలి, అప్‌డేట్ తర్వాత వెలుతురు అడుగుకు పడిపోవడం ఉంది. బయోస్‌లో కూడా అదే చీకటి అయితే బ్యాక్‌లైట్ లేదా దానికి కరెంటిచ్చే భాగం చెడినట్టు.

మూత కదిలించి చూడటం ఇంకో పరీక్ష. మూతను మెల్లగా ముందుకూ వెనక్కూ వంచినప్పుడు బొమ్మ వచ్చిపోతుంటే కేబుల్ నలిగింది, లేదా వదులైంది. డ్రైవర్‌కు మూత ఏ కోణంలో ఉందో పట్టదు. ముత్తుకూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల గట్టున షెడ్డుల్లో ఉండే ల్యాప్‌టాప్‌లకు ఈ పరీక్ష తప్పనిసరి. ఉప్పుగాలి, తేమ కలిసి కనెక్టర్ల మీద చిలుము పట్టిస్తాయి. అక్కడ తెర మినుకుమంటే డ్రైవర్‌తో పాటు కేబుల్‌ను కూడా సమానంగా అనుమానించాలి.

గీతలో మచ్చలో కనిపిస్తుంటే స్క్రీన్‌షాట్ తీసి ఫోన్‌కు పంపి చూడాలి. ఫోన్‌లో శుభ్రంగా ఉంటే దోషం ప్యానెల్ వైపుదో కేబుల్‌దో కావచ్చు. ఫోన్‌లోనూ అవే గీతలుంటే అవి చిప్ లేదా డ్రైవర్ గీసినవే. తెర రెపరెపలాడుతుంటే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవాలి. అదీ మిగతా తెరతో పాటు రెపరెపలాడితే డ్రైవర్ లోపం, అది ఒక్కటీ నిలకడగా ఉంటే ఏదో యాప్ చేస్తున్న గొడవ. మైక్రోసాఫ్ట్ స్వయంగా చెప్పే పద్ధతి ఇది, చాలా బాగా పనిచేస్తుంది. చదువుతూ కూర్చున్నప్పుడు, అంటే తెర మీద బొమ్మ కదలనప్పుడు మాత్రమే మినుకుమంటుంటే ప్యానెల్ సెల్ఫ్ రిఫ్రెష్ అన్న పవర్ ఆదా పద్ధతిని అనుమానించాలి. ఇంటెల్ గ్రాఫిక్స్ కమాండ్ సెంటర్‌లో పవర్ విభాగంలో దాన్ని ఆపి చూడొచ్చు.

ఇంట్లో టీవీ ఉంటే హెచ్‌డీఎమ్ఐ కేబుల్ పెట్టి చూడటం అన్నిటికన్నా ధైర్యాన్నిచ్చే పరీక్ష. టీవీలో బొమ్మ వస్తే ఫైళ్లు భద్రమని తెలుస్తుంది, మిగతా రిపేరంతా టీవీ చూస్తూ చేసుకోవచ్చు. అయితే టీవీలో వచ్చిందని ప్యానెల్ పోయిందని తీర్మానించకూడదు. కొన్ని ల్యాప్‌టాప్‌లలో హెచ్‌డీఎమ్ఐ తీగ పెద్ద చిప్‌కు, తెర తీగ చిన్న చిప్‌కు ఉంటాయి. చిన్న చిప్ డ్రైవర్ చెడినా ఇదే దృశ్యం కనబడుతుంది.

తెర నల్లగా ఉన్నా చేతులకు పని ఉంది

విండోస్ 10, 11లో విండోస్ కీ, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ ఒకేసారి నొక్కితే గ్రాఫిక్స్ డ్రైవర్ రీసెట్ అవుతుంది. చిన్న బీప్ వినిపిస్తుంది, తెర ఒకసారి మినుకుమంటుంది. తెరిచి ఉన్న ఫైళ్లకు ఏమీ కాదు. పని మధ్యలో తెర పోయినవాళ్లు పవర్ బటన్ మీదకు చెయ్యి పోనివ్వకుండా ముందు ఇది ప్రయత్నించాలి.

దీంతో రాకపోతే విండోస్ కీ, పి కలిపి నొక్కి, కిందికి బాణం ఒకసారి, ఎంటర్ కొట్టి నాలుగైదు సెకన్లు ఆగాలి. రాకపోతే మళ్ళీ అలాగే. మొత్తం నాలుగు ఎంపికలు కాబట్టి నాలుగుసార్లు చేస్తే చాలు. కొత్త డ్రైవర్ ఎప్పుడో తగిలించిన టీవీని గుర్తుపెట్టుకుని "రెండో తెర మాత్రమే" అన్న ఎంపికలో ఉండిపోతే ల్యాప్‌టాప్ తెర ఊరికే చీకటిగా ఉంటుంది.

"షట్‌డౌన్ చేసి ఆన్ చేశాను, అయినా అంతే" అనేవాళ్లు గమనించాల్సినది ఒకటుంది. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉన్నప్పుడు షట్‌డౌన్ చేస్తే విండోస్ పూర్తిగా పడుకోదు, డ్రైవర్ల స్థితిని డిస్కులో దాచుకుని మళ్ళీ అక్కడి నుంచే లేస్తుంది. రీస్టార్ట్ చేస్తేనే అంతా మొదటి నుంచి లోడ్ అవుతుంది. తెర కనబడనప్పుడు చార్జర్ తీసి, పవర్ బటన్‌ను అరనిమిషం నొక్కి పట్టుకుని, మళ్ళీ ఆన్ చేయడం మేలు.

అప్పటికీ రాకపోతే సేఫ్ మోడ్. ఆన్ చేసి, లోగో తర్వాత విండోస్ మొదలవుతుండగానే పవర్ బటన్ పది సెకన్లు నొక్కి ఆపేయాలి. ఇలా వరుసగా చేస్తే మూడోసారికి రికవరీ తెర దానంతట అదే వస్తుంది. అందులో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్, ఆ తర్వాత 4 నొక్కాలి. సేఫ్ మోడ్‌లో కంపెనీ డ్రైవర్ పక్కకు తప్పుకుని మైక్రోసాఫ్ట్ ప్రాథమిక డిస్‌ప్లే డ్రైవర్ పనిచేస్తుంది. తెర మసకగా, అక్షరాలు పెద్దగా రావచ్చు, కానీ వస్తుంది. వచ్చిందంటే ఇక డ్రైవర్ దోషమేనన్న విషయంలో పెద్దగా అనుమానం పెట్టుకోనక్కర్లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పకుండా ముందుకు పోకూడదు. చాలా ల్యాప్‌టాప్‌లలో డిస్కులోని ఫైళ్లకు తాళం వేసే బిట్‌లాకర్ ఎన్‌క్రిప్షన్ యజమానికి తెలియకుండానే ఆన్ అయి ఉంటుంది. రికవరీలోకి వెళ్లగానే 48 అంకెల కీ అడగవచ్చు. ఆ కీ సాధారణంగా మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది, ఫోన్‌లో లాగిన్ అయి చూసుకోవచ్చు. ల్యాప్‌టాప్ కొన్న రోజు షాపువాళ్లే ఏదో ఈమెయిల్‌తో అకౌంట్ తెరిచి ఇచ్చి ఉంటే, ఆ ఈమెయిల్ ఏదో పాస్‌వర్డ్ ఏదో గుర్తులేని ఇళ్లు ఎన్నో. తెర బాగున్న రోజే ఆ కీని ఒక కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోవాలి. ఇది పోతే ఫైళ్లు తిరిగి తెచ్చే దారి లేదు. సేఫ్ మోడ్‌లో పిన్ పనిచేయకపోతే అకౌంట్ పాస్‌వర్డే కొట్టాల్సి రావచ్చు.

లోపలికి వెళ్లాక పని సులువు. డివైస్ మేనేజర్‌లో చిప్ ప్రాపర్టీస్‌లో రోల్ బ్యాక్ డ్రైవర్ అన్న బటన్ నొక్కితే పాత డ్రైవర్ వచ్చేస్తుంది. ఆ బటన్ వెలసిపోయి ఉంటే పాతది దాచి లేదని అర్థం. అప్పుడు అన్‌ఇన్‌స్టాల్ డివైస్ నొక్కి, డ్రైవర్‌ను కూడా తొలగించమనే గడిలో టిక్ పెట్టాలి. ఆ టిక్ పెట్టకపోతే రీస్టార్ట్ కాగానే విండోస్ అదే చెడ్డ డ్రైవర్‌ను తన దగ్గరున్న నిల్వలోంచి తీసి మళ్ళీ వేసేస్తుంది. ఎక్కువమంది ఓడిపోయేది ఇక్కడే. రికవరీలో ఉండే అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్ నొక్కి ఊరుకోవడం కూడా చాలదు, అది విండోస్ అప్‌డేట్‌ను తీస్తుంది గానీ విడిగా వచ్చిన డ్రైవర్‌ను కాదు. సిస్టమ్ రీస్టోర్ పాయింట్, అంటే విండోస్ ముందే దాచుకున్న పాత స్థితి, ఉంటే మాత్రం దాన్ని వాడుకోవడం మంచి దారి.

మొండికేసిన కేసుల్లో డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ అనే ఉచిత సాధనం ఉంది, డీడీయూ అంటారు. పాత డ్రైవర్ ముక్కలన్నీ ఊడ్చేస్తుంది. దీన్ని సేఫ్ మోడ్‌లో, ఇంటర్నెట్ ఆపేసి వాడాలి. నెట్ ఉంటే ఇక్కడ ఊడుస్తుండగానే అక్కడ విండోస్ ఇంకోటి దించేస్తుంది. శుభ్రం అయ్యాక ల్యాప్‌టాప్ కంపెనీ సైట్‌లో మోడల్ నంబర్ కొట్టి, ముందే దించి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకున్న డ్రైవర్ వేయాలి. రెండు చిప్‌లుంటే ముందు ప్రాసెసర్‌లోని చిప్‌ది, తర్వాత పెద్దదానిది.

ఉబుంటు లాంటి లినక్స్ వాడే విద్యార్థులకు దారి ఇంకా చిన్నది. బూట్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి పాత కెర్నల్ ఎంచుకుంటే చాలాసార్లు తెర వచ్చేస్తుంది. రాకపోతే బూట్ వరుసకు చివర నోమోడ్‌సెట్ (nomodeset) అన్న మాట చేర్చి లోపలికి వెళ్లి డ్రైవర్ సరిచేసుకోవచ్చు.

మళ్ళీ అదే రాకుండా

విండోస్ అప్‌డేట్‌లో ఆప్షనల్ అప్‌డేట్స్ కింద కనిపించే డ్రైవర్లను, కనిపించాయి కదా అని టిక్ పెట్టి దించకూడదు. ఏదైనా ఇబ్బంది ఉన్నప్పుడే అవి. విండోస్ ప్రో అయితే గ్రూప్ పాలసీలో, విండోస్ అప్‌డేట్లతో డ్రైవర్లు రాకుండా ఆపే ఎంపిక ఉంది. హోమ్ వాడేవాళ్లు పరీక్షలు, రిటర్నులు ఉన్న రోజుల్లో అప్‌డేట్లను 5 వారాల దాకా ఆపి ఉంచుకోవచ్చు. ఎప్పటికీ ఆపేయడం మాత్రం సరికాదు, భద్రతకు సంబంధించినవి అందులోనే వస్తాయి.

మన ఇళ్లలో ఇంకో సమస్య ఉంది. బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయిన ల్యాప్‌టాప్‌ను చార్జర్ మీదే టేబుల్ కంప్యూటర్‌లా నడిపేవాళ్లు చాలామంది. డ్రైవర్ సగం దిగేసరికి కరెంటు పోయిందంటే సగం పాతది, సగం కొత్తది మిగులుతుంది. అలాంటి మెషీన్‌లో డ్రైవర్ అప్‌డేట్ చేసేటప్పుడు యూపీఎస్ మీద పెట్టాలి, లేదా ఆ పని పెట్టుకోకపోవడమే మేలు. బయోస్ అప్‌డేట్ అయితే అసలు పెట్టుకోకూడదు.

పాత ల్యాప్‌టాప్‌ల సంగతి విడిగా చెప్పుకోవాలి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు అధికారికంగా ఒప్పుకునే ఇంటెల్ కోర్ ప్రాసెసర్లు దాదాపుగా 8వ తరం నుంచి మొదలవుతాయి. 6, 7 తరాల ల్యాప్‌టాప్‌లకు షాపుల్లో అడ్డదారిన విండోస్ 11 ఎక్కించి ఇస్తున్నారు. కానీ 6 నుంచి 10వ తరం వరకు ఉన్న గ్రాఫిక్స్‌ను ఇంటెల్ 2022 జూలైలోనే పాత వరుసలోకి నెట్టేసింది, వాటికి ముఖ్యమైన సవరణలు తప్ప కొత్తవి రావు. అలాంటి ల్యాప్‌టాప్‌లో కొత్త డ్రైవర్ కోసం వెతకడం వృథా. పనిచేస్తున్న డ్రైవర్‌ను పెన్‌డ్రైవ్‌లో దాచుకుని, నంబర్ రాసుకుని, దాన్ని కదపకుండా ఉంచడమే తెలివైన పని.

నిజంగా ప్యానెలే పోతే

పరీక్షలన్నీ చేశాక బయోస్‌లో కూడా గీతలు, టార్చి వేసినా ఏమీ కనబడకపోవడం, టీవీలో మాత్రం చక్కగా రావడం, ఇలా తేలితే షాపుకు వెళ్లాల్సిందే. ఇప్పుడు చెప్పాల్సిన మాట వేరుగా ఉంటుంది: "అన్నా, లోగో దగ్గర నుంచే గీతలు వస్తున్నాయి, టీవీలో బాగుంది. ముందు కేబుల్ మార్చి చూడన్నా." కేబుల్ ధర ప్యానెల్ ధరతో పోలిస్తే చాలా తక్కువ. చేయి తిరిగిన మెకానిక్ షాపులో ఉన్న ఇంకో ప్యానెల్‌ను ఊరికే తగిలించి చూపించగలడు, అలా చూపించమని అడగడంలో తప్పేమీ లేదు.

ప్యానెల్ మార్చాల్సి వస్తే పాతదాని వెనక అంటించిన స్టిక్కర్‌ను ఫోన్‌తో ఫొటో తీసుకోవాలి. అక్కడ ఉండే పార్ట్ నంబరే అసలు గుర్తు. మామూలు 60 హెర్ట్జ్ ప్యానెళ్లకు ఎక్కువగా 30 పిన్‌ల కనెక్టర్, టచ్ ఉన్నవాటికీ 120, 144 హెర్ట్జ్ వాటికీ ఎక్కువగా 40 పిన్‌లది ఉంటుంది. సైజు సరిపోయిందని వేరే రకం వేస్తే కనెక్టర్ కూర్చోదు, బలవంతంగా కూర్చోబెడితే బ్యాక్‌లైట్ లైను కాలిపోవచ్చు. పాత ప్యానెల్‌ను తిరిగి ఇమ్మని అడగాలి, బిల్లు మీద కొత్తదాని పార్ట్ నంబర్ రాయించుకోవాలి. ఇంటికి వచ్చాక మొదటిసారి ఆన్ చేసినప్పుడు బయోస్‌లో పది నిమిషాలు వదిలి చూసి, ఆ తర్వాతే విండోస్‌లోకి వెళ్లాలి.